పక్షవాతం తర్వాత కాలి బ్రేసు: మూలన పడకుండా రోజూ వాడుకోవడం ఎలా?

నాన్నకి పక్షవాతం వచ్చి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "మా ఆయనకి కాలికి ప్లాస్టిక్ బ్రేసు ఇచ్చారండీ. రెండు రోజులు వేసుకుని తీసి బీరువా పక్కన పడేశారు. ఎంత చెప్పినా వినడం లేదు. ఎలా వేయించాలి?"

ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టునీ కాదు. గుంటూరులో, మా ఇంట్లో ఒక మనిషిని నడిపించుకుంటూ, తప్పులు చేసి, తెలిసినవాళ్లని అడిగి నేర్చుకున్న సంగతులివి. మీ డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

వేసుకోనన్న మనిషిని మొండివాడు అనేయకండి. మా నాన్న మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా పడిపోయింది. తర్వాత మెల్లగా కొన్ని మాటలు తిరిగొచ్చాయి, అందులో సగం యార్డు మాటలే. మొదటి బ్రేసు తొడిగిన నాలుగో రోజు దాన్ని ఎడమ చేత్తో పక్కకి తోసి "తాలు" అన్నాడు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ, మంచి కాయల్లోంచి ఏరి వేరే కుప్ప పోస్తారు. మేం నవ్వి మళ్లీ తొడిగాం. ఇంకో వారానికి సాక్సు తీసి చూస్తే చీలమండ బయటి ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. ఆయన మొదటి రోజుల్లోనే చెప్పాడు, మాకే వినపడలేదు.

ఏ బ్రేసు గురించి?

ఇక్కడ చెప్పేది ఏఎఫ్‌ఓ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్) అనే బ్రేసు గురించి. మోకాలి కింద మొదలై, పిక్క వెనకగా దిగి, మడమని పట్టుకుని అరికాలి కింద పరుచుకుంటుంది. ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పాదం పైకి లేవక వేళ్లు నేలకి రాసుకుంటున్నా, పాదం లోపలికి తిరిగిపోతున్నా దీన్ని ఇస్తారు. ఇది పాదాన్ని పట్టి నిలబెడుతుంది, అంతే. నరానికి వైద్యం చేయదు.

మామూలుగా కనిపించేవి మూడు రకాలు. చీలమండ దగ్గర అసలు కదలని గట్టిది ఒకటి, అక్కడ కీలు ఉన్నది ఇంకొకటి, వెనక సన్నగా ఉండి స్ప్రింగులా వంగేది మూడోది. ఎవరికి ఏదన్నది డాక్టరు, బ్రేసు చేసే ఆర్థోటిస్టు కాలు చూసి తేల్చాలి. మెడికల్ షాపులో సైజు చెప్పి కొనే రెడీమేడ్ స్ప్లింటు కొన్నాళ్లు నెట్టుకురావడానికి పనికొస్తుంది. కాలు బాగా బిగుసుకుపోయేవాళ్లూ, షుగరు ఉండి పాదానికి స్పర్శ తగ్గినవాళ్లూ మాత్రం దానితో సరిపెట్టుకోవద్దు.

దగ్గర పెట్టుకోవలసినవి

- మోకాలి దాకా వచ్చే కాటన్ సాక్సులు, కనీసం నాలుగు జతలు. తెల్లవైతే మేలు, రక్తం గానీ చీము గానీ అంటితే వెంటనే కనిపిస్తుంది.
- చేతులున్న గట్టి కుర్చీ. సోఫా కాదు.
- మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా వెడల్పాటి బూట్లు.
- పొడవాటి షూ హార్న్ (మడమ బూటులోకి జారడానికి వాడే గరిట లాంటిది).
- చిన్న అద్దం, సెల్‌ఫోన్ టార్చి, కుట్టు టేపు.
- చెరిగిపోని మార్కర్ పెన్ను.
- పాత టూత్ బ్రష్.

1. చేయించే రోజే చూసుకోవలసినవి

కొలతకి వెళ్లేటప్పుడు ఆయన రోజూ వేసుకోబోయే బూట్లు తీసుకెళ్లండి. బ్రేసు కోణం ఆ బూటు మడమ ఎత్తుకి కుదరాలి. మేం వాన పడుతోందని హవాయి చెప్పులతో వెళ్లాం. తర్వాత కొన్న బూటు మడమ ఎత్తుగా ఉండేసరికి అడుగు వేసినప్పుడల్లా మోకాలు ముందుకి విరిగినట్టు వంగిపోయేది. తప్పు బ్రేసుదనుకుని నెల రోజులు తిట్టుకున్నాం. మడమ మరీ పల్చగా ఉంటే దీనికి ఎదురు జరుగుతుంది, మోకాలు వెనక్కి నెట్టుకుపోతుంది.

చేసే మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. తర్వాత ఎక్కడైనా నొక్కుకుంటే వేడి చేసి సర్దడం ధరలో కలిసే ఉందా, ఎన్నిసార్లు చేస్తారు అన్నది కూడా డబ్బు కట్టేముందే తేల్చుకోండి.

చేతికి ఇచ్చాక అక్కడే తొడిగించి, పది నిమిషాలు నడిపించి, విప్పించి చూడండి. మోకాలికి బయటవైపు, కాస్త కింద, గుండ్రటి ఎముక చేతికి తగులుతుంది. బ్రేసు పై అంచు దానికి కనీసం రెండు వేళ్ల కిందే ఆగిపోవాలి. పాదాన్ని పైకి లేపే నరం సరిగ్గా అక్కడే ఎముకకి చుట్టుకుని, చర్మానికి దగ్గరగా వెళ్తుంది. దాన్ని నొక్కితే ఉన్న కాస్త బలమూ పోతుంది.

2. చెప్పుల సంగతి

నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బ్రేసువి కావు, చెప్పులవి.

బ్రేసు పట్టాలంటే ఒక సైజు పెద్దది కావాలి. అంతకంటే ముందు బూటు లోపలి అట్ట బయటికి వస్తుందో లేదో చూడండి. బ్రేసు కాలి వైపు ఆ అట్ట తీసేసి, మంచి కాలి వైపు ఉంచేస్తే రెండు కాళ్ల ఎత్తూ దాదాపు సమానమవుతుంది. వేర్వేరు సైజుల కోసం రెండు జతలు కొనాల్సిన పని కూడా తప్పుతుంది. పెద్ద సైజు జత ఒకటే తీసుకుని, మంచి కాలి బూటు వదులుగా ఉంటే ఇంకో అట్ట వేయండి.

లేసులకి బదులు వెల్‌క్రో ఉన్నవి చూడండి. దొరక్కపోతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఒక పెద్దాయన మా బూటు నాలుక కిందిదాకా కోసి, వెడల్పాటి వెల్‌క్రో పట్టీ కుట్టిచ్చాడు. అరగంట పని. బ్రాండెడ్ షాపులో దొరకనిది అక్కడ దొరికింది.

హవాయి చెప్పులు, వెనక పట్టీ లేని స్లిప్పర్లు బ్రేసుతో వద్దే వద్దు.

3. తొడగడం

ఇక్కడ తొందర పడితే మిగతా రోజంతా పాడవుతుంది.

ప్యాంటు గానీ లుంగీ గానీ ముందు వేయండి. బట్టలు ఎప్పుడూ పట్టు తప్పిన కాలికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు మంచి కాలి నుంచి మొదలుపెట్టాలి. ఆడవాళ్లయితే చీర కుచ్చిళ్లు బ్రేసు పట్టీలో ఇరుక్కోకుండా రెండంగుళాలు ఎత్తి కట్టండి. నైటీ అయితే నేలని తాకకూడదు.

కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టండి. మోకాలు వంగి, పాదం నేల మీద ఉండాలి. కాలు చాపి ఉన్నప్పుడు తొడగబోతే పిక్క కండ బిగుసుకుని మడమ లోపలికి దిగదు. చాలామంది మంచం మీద కాళ్లు చాపించి తొడుగుతారు. ఆ ఒక్క అలవాటు మారిస్తే సగం బాధ తగ్గిపోతుంది.

సాక్సు తొడిగి, మడతలు లేకుండా అరచేత్తో సాపు చేయండి. మడత ఉన్నచోటే పుండు మొదలవుతుంది.

మడమని బ్రేసు వెనకదాకా నెట్టండి. కాలు బిగుసుకుంటే బలవంతంగా తోయకండి. అరికాలి కింద చెయ్యి పెట్టి, మోకాలు ఇంకాస్త వంచి, నెమ్మదిగా అరనిమిషం ఆగండి. బిగువు దానంతటదే సడలుతుంది.

ముందు చీలమండ మీది పట్టీ, తర్వాత పిక్క మీది పట్టీ. ఈ వరుస తప్పొద్దు. పై పట్టీ ముందు బిగిస్తే మడమ పైకి లేచి ఉండిపోతుంది. బిగించాక పట్టీ కింద ఒక వేలు దూరాలి. రెండు వేళ్లు సులువుగా దూరితే వదులు.

మడమ పూర్తిగా దిగిందని ఎలా తెలుస్తుంది? మాకు ఒక ఫిజియోథెరపిస్టు చెప్పిన చిట్కా ఇది. ఆవిడ తన చేత్తో సరిగ్గా తొడిగి, చీలమండ పట్టీ కొస ఎక్కడికి చేరిందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టింది. ఆ రోజు నుంచి పట్టీ ఆ గీత దాకా వస్తే మడమ దిగినట్టు. అర అంగుళం ముందే ఆగిపోతే విప్పి మళ్లీ మొదటికి రావాలి. ఇంకెవరు తొడిగినా, అమ్మ అయినా, పనమ్మాయి అయినా, ఆ గీత చూస్తే చాలు. కాలు వాచిన రోజు కూడా గీత అందదు, అది వేరే సంగతి, కింద చెబుతాను.

ఇంకో పద్ధతి: బ్రేసుని ముందే బూటులో పెట్టి, రెండూ కలిపి కాలు దూర్చడం. ఒంటి చేత్తో తనే వేసుకునేవాళ్లకి ఇది చాలాసార్లు తేలిక. నాన్న ఇప్పుడు ఇలాగే వేసుకుంటాడు. మీరు రెండూ చేసి చూడండి.

4. గంటలు పెంచడం

తెచ్చిన రోజే పొద్దున్న నుంచి రాత్రి దాకా వేయకండి. మొదటి రెండు రోజులు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. చర్మం బాగుంటే రోజుకో గంట పెంచుతూ పొండి. వారం పది రోజుల్లో పగలంతా అలవాటవుతుంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప నడక బ్రేసుతో నిద్రపోనివ్వకండి. రాత్రి పూట స్ప్లింటు వేరే ఉంటుంది.

"వేసుకుంటే అలవాటైపోయి కాలు ఇంకా పనికిరాకుండా పోతుంది" అని చుట్టాలు అంటారు. మా మేనత్త ఇప్పటికీ అంటుంది. పాదం ఈడ్చుకుంటూ నడవలేక రోజంతా మంచం మీద కూర్చుంటేనే కాలు ఎక్కువ బలహీనపడుతుంది. బ్రేసు లేకుండా ఏ వ్యాయామాలు చేయాలో ఫిజియోని అడిగి, ఆ అరగంట బ్రేసు విప్పి చేయించండి.

5. చర్మం చూడటం

రోజూ రాత్రి, మొదటి నెలలో అయితే విప్పిన ప్రతిసారీ చూడాలి. చూడవలసిన చోట్లు: చీలమండ రెండు వైపుల ఎముకలు, మడమ వెనక, బొటనవేలి మొదట్లో ఉబ్బు, పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చే ఎముక, పిక్క మీద బ్రేసు పై అంచు తగిలే చోటు, వేళ్ల సందులు. అరికాలికి అద్దం పెట్టి, టార్చి వేసి చూడండి.

విప్పగానే కాస్త ఎర్రదనం ఉండటం మామూలే. గడియారం చూసుకోండి. అరగంటలోపు పోతే ఫర్వాలేదు. అరగంట దాటినా అలాగే ఉంటే, వేలితో నొక్కితే తెల్లబడకుండా అదే రంగులో ఉంటే, ఆ చోట బ్రేసు నొక్కుతోందని అర్థం.

ఇక్కడే మేం దెబ్బతిన్నాం. పుస్తకాల్లో, వీడియోల్లో "ఎర్రగా అయిందా చూడండి" అంటారు. యార్డు ఎండలో ముప్పై ఏళ్లు నిలబడిన మనిషి చర్మం మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? చామనఛాయ, నలుపు చర్మం వాళ్లకి చేత్తో చూడాలి. చేతి వెనక భాగం ఆనించండి. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా? గట్టిగా, లేదా మెత్తగా ఉబ్బినట్టుందా? రంగు ఊదాగా, మామూలు కంటే నల్లగా మారిందా? మంచి కాలితో పోల్చి చూడండి. నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకండి. స్పర్శ తగ్గిన కాలికి నొప్పి తెలియదు.

మచ్చ కనిపిస్తే అక్కడ దూది, స్పాంజి, గుడ్డ ముక్క కుక్కకండి. అందరూ మొదట చేసే పని ఇదే. ఇప్పటికే చోటు చాలనిచోట ఇంకా ఇరుకు చేస్తే ఒత్తిడి పెరుగుతుంది. మచ్చ చుట్టూ లిప్‌స్టిక్‌తో గీసి, వెంటనే బ్రేసు తొడిగి విప్పితే రంగు బ్రేసు లోపలికి అంటుకుంటుంది. బ్రేసు తీసుకెళ్లి ఆ గుర్తు చూపించండి. హీట్ గన్‌తో వేడి చేసి అక్కడ కాస్త బయటికి నెడతారు. ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద, ఇస్త్రీపెట్టెతో మీరే వంచబోకండి. చర్మం తెగితే మానేదాకా బ్రేసు వద్దు, డాక్టరుకి చూపించండి.

6. వాపు

సాయంత్రానికి కాలు కొంచెం ఉబ్బడం చాలామందికి ఉంటుంది. మోకాలి చిప్ప కింది నుంచి ఒకే దూరంలో, పొద్దున్నా సాయంత్రం టేపుతో పిక్క చుట్టుకొలత తీసి కేలండర్ మీద రాయండి. మధ్యాహ్నం బ్రేసు విప్పి, అరగంట కాలు దిండు మీద పెట్టించండి.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క వేడిగా, నొప్పిగా, గట్టిగా ఉంటే నూనె పెట్టి రుద్దకండి. మన ఇళ్లలో మొదట చేసేది అదే. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. దానితో ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే 108కి ఫోన్ చేయండి.

7. ఇంట్లో

బ్రేసులు, వాటి సూచనలు చాలావరకు బూట్లతో తిరిగే ఇళ్లని ఊహించుకుని రాసినవి. మనం గడప దగ్గర చెప్పులు వదిలేస్తాం. నున్నటి ప్లాస్టిక్ అడుగు, నున్నటి టైల్స్, దాని మీద నీటి చుక్క. ఒట్టి బ్రేసుతో ఇంట్లో నడవడమంటే పడటానికి పిలిచినట్టే. మీ ఇంట్లోనూ ఈ గొడవే ఉంటే మూడు దారులున్నాయి.

మొదటిది, ఇంట్లోకి మాత్రమే వాడే జత. బయట కాలు పెట్టని కొత్త చెప్పులు అని అందరికీ తెలిస్తే అభ్యంతరాలు తగ్గుతాయి. మా అమ్మ మొదట పూజ గది వైపు రానివ్వలేదు. నాన్న రెండుసార్లు తూలాక గది ముందు కుర్చీ వేసి, హారతి అక్కడికే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. రెండోది, బ్రేసు అడుగున పల్చటి రబ్బరు షీటు అతికించడం. అది ఆర్థోటిస్టు చేతే చేయించండి, ఎత్తు మారితే నడక మారుతుంది. మూడోది, అడుగున రబ్బరు చుక్కలుండే సాక్సు పెద్ద సైజుది బ్రేసు మీదుగా తొడగడం. ఉన్నవాటిలో బలహీనమైనది ఇదే, ఎక్కడో కాసేపటికి తప్ప వద్దు.

బాత్రూమ్ గురించి గట్టిగా చెబుతాను. స్నానానికి బ్రేసు విప్పాలి, అంటే తడి నేల మీద పాదం పట్టు లేకుండా ఉంటాడు. కాబట్టి విప్పడం, తొడగడం రెండూ లోపల కుర్చీలో కూర్చున్నాకే జరగాలి. కాళ్లకి రబ్బరు బుడిపెలున్న బరువైన కుర్చీ వేయండి. పల్చటి ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. గోడకి పట్టుకునే రాడ్డు మంచి చేతి వైపు బిగించండి. స్నానం కూర్చునే. పూర్తిగా తుడిచి, వేళ్ల సందులు ఆరాక బ్రేసు, ఇంటి చెప్పులు వేసి, అప్పుడే లేపండి. అర్ధరాత్రి మూత్రానికి లేచేటప్పుడు బ్రేసు వేసే ఓపిక ఎవరికీ ఉండదు, మంచం పక్కనే యూరిన్ క్యాన్ పెట్టండి. ఇండియన్ టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ తప్పదు. గట్టి బ్రేసుతో గొంతుక్కూర్చోవడం కుదరదు.

అదే కారణంతో పల్లపు కుర్చీలోంచి లేవడమూ కష్టమే. లేవాలంటే పాదం మోకాలి వెనక్కి రావాలి, గట్టి బ్రేసు రానివ్వదు. కుర్చీ ఎత్తు పెంచండి. మేం ఆయన కుర్చీ మీద చెక్క వేసి, దాని మీద గట్టి దిండు కుట్టించాం. అప్పటిదాకా రోజుకి పదిసార్లు చంకల్లో చేతులు వేసి లేపేవాళ్లం.

8. మెట్లు, ఆటో, గుడి

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు బ్రేసు కాలు ముందు. కర్ర మంచి చేతిలో. మీరు బలహీనమైన వైపు, ఎక్కేటప్పుడు కాస్త వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు కింద నిలబడి నడుము దగ్గర బెల్టు పట్టుకోండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం జారుతుంది.

ఆటోలో మొదట సీటు మీద కూర్చోబెట్టి, తర్వాత కాళ్లు లోపలికి తిప్పండి. షేర్ ఆటో వద్దు, ఆ ఇరుకులో బ్రేసు కాలు మడుచుకునే చోటుండదు.

గుడికి వెళ్లాలంటే రాతి నేల, అభిషేకం నీళ్లు, చెప్పులు బయట. మంగళగిరిలో మేం కొండ పైకి వెళ్లం, దిగువ సన్నిధికే వీల్‌చైర్‌లో తీసుకెళ్తాం. బెజవాడ దుర్గమ్మ గుడికైనా రద్దీ లేని రోజు చూసుకుని, వీల్‌చైర్‌తోనే వెళ్లండి. దసరా రోజుల్లో నడిపించే సాహసం చేయకండి.

9. ఎండాకాలం, శుభ్రం

రోహిణి కార్తెలో మన ఊళ్లో మామూలు మనిషికే సాక్సు వేసుకోబుద్ధి కాదు. మధ్యాహ్నం ఒకసారి సాక్సు మార్చండి. బ్రేసుని సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. వేడి నీళ్లు వద్దు, డాబా మీద ఎండ వద్దు, అద్దాలు మూసిన కారులో వదిలేయొద్దు. వేడికి ఆకారం మారొచ్చు. పొద్దున కాలికి నూనె రాసే అలవాటుంటే, బ్రేసు వేసేముందు పూర్తిగా తుడిచేయండి. నూనె తగిలితే లోపలి మెత్తటి ప్యాడ్ల జిగురు ఊడుతుంది. పౌడరు ఒత్తుగా చల్లితే చెమటకి ఉండకట్టి గీసుకుంటుంది.

గాలి కోసం మీరే డ్రిల్లింగ్ మిషన్‌తో చిల్లులు వేయకండి. ఎక్కడ వేస్తే పగులుతుందో చేసినవాళ్లకే తెలుసు.

వెల్‌క్రోలో చేరే జుట్టు, దారాలు వారానికోసారి టూత్ బ్రష్‌తో లాగేయండి. పట్టుకోవడం మానేస్తే పట్టీ మార్పించండి, దానికోసం కొత్త బ్రేసు అక్కర్లేదు.

10. పనిచేస్తోందా?

వరండాలో ఆరు మీటర్లు కొలిచి రెండు చోట్ల సుద్దతో గీత గీయండి. ఫోన్‌లో స్టాప్ వాచ్ పెట్టి, బ్రేసుతో ఒకసారి, మీరు పక్కనే పట్టుకుని ఉండగా బ్రేసు లేకుండా బూట్లతో ఒకసారి నడిపించండి. బ్రేసు లేకుండా పడేట్టుంటే ఈ రెండోది మానేయండి. సెకన్లు రాసుకోండి. పక్క నుంచి ఒక వీడియో, ఎదురుగా ఒక వీడియో తీయండి. నెలకోసారి చాలు.

సెకన్ల కంటే నాకు నమ్మకం చెవి మీద. వంటింట్లో ఉండి వినండి. ఈడ్చే చప్పుడు ఎన్ని అడుగులకోసారి వస్తోంది? బూటు అడుగు కూడా చూడండి. ముందు కొస, బయటి అంచు త్వరగా అరిగిపోతుంటే పాదం ఇంకా లేవడం లేదు, లేదా లోపలికి తిరుగుతోంది. మోకాలు అడుగడుగుకీ వెనక్కి విరుస్తున్నట్టుంటే ఆర్థోటిస్టుకి వీడియో చూపించండి. ప్లాస్టిక్ మీద, ముఖ్యంగా చీలమండ దగ్గర, తెల్లటి గీతలు కనిపిస్తే పగలబోతోందని అర్థం.

11. ఆయన్నే అడగండి

కెనడాలోని క్యుబెక్‌లో పరిశోధకులు ఇలాంటి పరికరాల మీద వాడేవాళ్ల తృప్తి కొలవడానికి క్వెస్ట్ అనే ప్రశ్నావళి తయారుచేశారు. పన్నెండు అంశాలు. ఎనిమిది వస్తువు గురించి: సైజు, బరువు, సర్దుకోవడం, భద్రత, మన్నిక, వాడటంలో తేలిక, సౌకర్యం, పనితనం. నాలుగు సేవ గురించి: ఇచ్చిన తీరు, రిపేరు, నిపుణుల సాయం, తర్వాత పట్టించుకోవడం. ఒక్కోదానికీ 1 నుంచి 5 దాకా మార్కులు. ఆఖర్న వాటిలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన మూడు ఏవని అడుగుతారు. ఇంట్లో అడగడానికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. "బాగుందా?" అంటే ఎవరైనా తలే ఊపుతారు.

నాన్నకి అంకెలు తికమక. అందుకని పాత అట్టపెట్టె మీద ఐదు గళ్లు గీసి, యార్డు భాషలో రాశాను: డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, తాలు. ఒక్కో అంశం చదువుతుంటే ఎడమ చూపుడు వేలు గడి మీద పెట్టాడు. తర్వాత చేయించిన రెండో బ్రేసుకి పనితనం బెస్ట్. భద్రత బెస్ట్. బరువు మీడియం బెస్ట్. సౌకర్యం తక్కువ వేస్తాడనుకున్నాం, మీడియం వేశాడు. వాడటంలో తేలిక దగ్గర వేలు తిన్నగా తాలు మీదికి వెళ్లి అక్కడే రెండుసార్లు కొట్టింది. ముఖ్యమైన మూడింటిలో మొదటిదీ అదే.

నొప్పి కాదు ఆయన బాధ. పొద్దున ఆరింటికి లేచి, నేనో అమ్మో నిద్ర లేచి తొడిగేదాకా మంచం మీదే కూర్చోవాలి. పట్టీ ఒంటి చేత్తో లాగడానికి రావడం లేదు. అదే చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లి రెండు పట్టీల కొసలకీ బొటనవేలు దూరేంత ఇనుప రింగు కుట్టించాం. ఇప్పుడు మేం లేచేసరికి ఆయన వరండాలో ఉంటాడు. మొన్న మళ్లీ అట్ట తీస్తే ఆ గడి మీడియంకి వచ్చింది.

మాట పూర్తిగా పోయినవాళ్లకి బొమ్మలు గీయండి, లేదా ఐదు వేళ్లు చూపించి ఒక్కోటి ముట్టుకోమనండి. మీరు వాళ్ల తరఫున మార్కులు వేయకండి.

ఇంకా తరచూ అడిగేవి

ప్రభుత్వం నుంచి వస్తుందా? కేంద్రం ఏడిప్ పథకం కింద అలిమ్కో సంస్థ ద్వారా ఉపకరణాలు ఇస్తుంది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం లేదా పైన ఉండాలి, ఆదాయ పరిమితి ఉంటుంది. సదరం స్లాటు వార్డు సచివాలయంలో బుక్ చేయించుకోవచ్చు. శిబిరంలో ఇచ్చినా పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడే చేసుకోండి. ఫిజియోథెరపీకి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో విభాగం ఉంది, బయట ఖర్చు భరించలేనివాళ్లు అక్కడ అడగండి.

ఒకసారి చేయిస్తే ఎన్నాళ్లు? కాలు మారుతుంటుంది. బిగువు తగ్గొచ్చు, పెరగొచ్చు, పిక్క సన్నబడొచ్చు. మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి చూపించండి. ఉన్నట్టుండి నడక పాడైతే బ్రేసుని అనుమానించేముందు మనిషిని చూడండి. మూతి వంకర, మాట ముద్ద, చెయ్యి ఇంకా బలహీనం, వీటిలో ఏది కొత్తగా కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108.

బ్రేసుతో బండి నడపొచ్చా? కుడి కాలికి ఉంటే బైకు మీద వెనక బ్రేకు, కారులో బ్రేకు, యాక్సిలరేటరు అన్నీ ఆ కాలితోనే తొక్కాలి. డాక్టరు పరీక్షించి సరే అనేదాకా తాళం ఇవ్వకండి. మా ఇంట్లో తాళం ఇప్పటికీ బియ్యం డబ్బాలోనే ఉంది.